పలక మీద ధర

నా చిన్నప్పుడు, అణాలు పోయి నయాపైసలు వచ్చి, నిజాం కాలపు హాలీ సిక్కా ఇక చెల్లదని అందరికీ తెలిసిపోయిన రోజుల్లో, వరంగల్‌లో మా వైపుకు ఒక మనిషి వచ్చాడు. ఆయన పేరేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎంత ఉక్కపోసినా నల్లకోటు విప్పేవాడు కాదు కాబట్టి అందరూ కోటు సారు అనేవాళ్లు. తక్కువ మాట్లాడేవాడు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు. ఆయన మా ఊళ్లో ఉన్నది ఒక ఎండాకాలం చివర, ఒక వానాకాలం మొదలు, అంతే. ఆ కొద్ది కాలంలోనే మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయాడు.

మా నాయనకు బజారులో జంపఖానాల దుకాణం ఉండేది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలకు అప్పట్లో మంచి గిరాకీ. తొలి వానలు పడగానే నాయన నూలు కొని నేసేవాళ్ల ఇళ్లకు పంచేవాడు. పండుగలు వచ్చేసరికి జంపఖానాలు తయారై దుకాణానికి చేరేవి. నూలు అందకపోతే మగ్గం ఆగుతుందనీ, మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుందనీ నాకు ఆ వయసులోనే తెలుసు. మా మేనత్త నన్ను వెంటబెట్టుకుని ఆ ఇళ్లన్నీ తిరిగేది మరి. మేనత్త నాయనకు అక్క. చిన్న వయసులో భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. నాయనకు ఆమె అంటే భయమూ, ప్రేమా రెండూ ఉండేవి. ఇంట్లో ఎవరు ఎంత గట్టిగా వాదించుకున్నా ఆమె మాత్రం వాదించేది కాదు. చేయాలనుకున్నది చేసేది.

మా పక్కింట్లో ఉండే ఆయనను నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అంతే. ఆయనది బియ్యం దుకాణం. నవ్వితే వీధి చివరికి వినపడేది. పిల్లలను ఎత్తి బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి, కిందికి దూకమని చేతులు చాపేవాడు. ఆయన భార్య, మా పెద్దమ్మ, అట్లా దూకితే కాళ్లు విరుగుతాయని లోపలినుంచి అరిచేది. వాళ్లకు పిల్లలు లేరు.

కోటు సారు స్టేషన్ దగ్గర ఒక మేడ కింద గది అద్దెకు తీసుకున్నాడు. గది ముందు వరండాలో ఒక పెద్ద పలక వేలాడదీశాడు. దాని మీద సుద్దతో రాసిన ఒక అంకె తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అది ఒక పాత రూపాయి ధర. నిజాం కాలపు వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉండేది. ఆ చార్మినార్ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి. కొన్ని రూపాయల మీద ఆ అక్షరం నిండుగా పడిందనీ, కొన్నింటి మీద సగమే పడిందనీ, నిండు అక్షరం ఉన్నవి దేశంలో చాలా తక్కువనీ ఆయన చెప్పేవాడు. బొంబాయిలో పెద్ద పెద్ద షావుకార్లు వాటి కోసం వెతుకుతున్నారట. తెలియనివాళ్లు కడియాలకూ కాళ్ల పట్టీలకూ కరిగించేస్తున్నారు కాబట్టి, ఉన్నవి తగ్గేకొద్దీ ధర పెరుగుతుందట. పొలం కొంటే వాన పడాలి, బియ్యం కొంటే పురుగు పడుతుంది, దీనికి ఏదీ అక్కర్లేదు, పెట్టెలో పెట్టి ఊరుకుంటే చాలు అనేవాడు.

మొదట్లో బజారంతా నవ్వింది. చెల్లే రూపాయలు ఇచ్చి చెల్లని రూపాయి కొనే పిచ్చివాడెవడు అనుకున్నారు. అయితే మా వైపు బేస్తారం అని పిలిచే గురువారం నాడు, ప్రతి వారం, ఆయన పొద్దున్నే బయటికి వచ్చి తడిగుడ్డతో పలక తుడిచి కొత్త అంకె వేసేవాడు. ఎప్పుడూ పాత అంకె కన్నా పెద్దదే. కొన్నవాళ్లు దాన్ని చూసి, కదలకుండా కూర్చున్నచోటే తమ సొమ్ము పెరిగిందని లెక్క వేసుకునేవాళ్లు. కొననివాళ్లు పోయిన వారమే కొని ఉండాల్సిందని కుమిలిపోయేవాళ్లు. నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది. గురువారం పొద్దున ఆ వరండా ముందు మనుషులు నిలబడేవాళ్లు. అంతమంది ఉన్నా చప్పుడు ఉండేది కాదు. అత్తతో కూరగాయలకు పోతూ ఆ గుంపును చూసినప్పుడు, ఎవరి ఇంటి ముందో శవాన్ని ఎత్తేదాకా ఎదురు చూస్తున్నవాళ్లలాగా అనిపించేవాళ్లు.

ఆయన అమ్మే ప్రతి రూపాయినీ పల్చని కాగితంలో చుట్టి, దారం కట్టి, ఎర్ర లక్కతో ముద్ర వేసి ఇచ్చేవాడు. ముద్ర విప్పితే విలువ పోతుందనీ, చేతి చెమట వెండిని తింటుందనీ చెప్పేవాడు. అందుకే కొన్నవాళ్లెవరూ మళ్లీ ఆ రూపాయి ముఖం చూసింది లేదు.

మా నాయన ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియదు. కానీ ఇల్లు మారడం తెలిసింది. ఎప్పుడూ తీసి ఉండే లోపలి గదికి తాళం పడింది. నేను ఆ గుమ్మం దగ్గర గచ్చకాయలు ఆడుకుంటుంటే, 'ఇక్కడేం పని?' అని నాయన గద్దించాడు. అంతకు ముందు ఆయన నన్ను కసిరిన జ్ఞాపకం లేదు. అన్నం తింటూ మధ్యలో ఆగి, మనసులో ఏదో లెక్క కట్టుకుని, మళ్లీ ముద్ద కలుపుకునేవాడు. అమ్మ ఏది అడిగినా వచ్చే బేస్తారం అనేవాడు. పక్కింట్లోనూ అదే తీరు. పెద్దబాపు పట్టపగలు తలుపు గడియ పెట్టుకునేవాడు. నేను వెళ్లి తట్టితే, 'ఎవలు? ఎవలది?' అని లోపలినుంచి రెట్టించి అడిగి, నేనే అని తెలిసినా తీసేవాడు కాదు. ఆ నవ్వు వినపడక వీధి బోసిపోయింది.

వానలు పడ్డాయి. కొత్తవాడ నుంచి నేసేవాళ్లు నూలు కోసం వచ్చారు. నాయన వాళ్లను కూర్చోమనకుండానే వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం వస్తే మళ్లీ వచ్చే వారం అన్నాడు. ఒక ముసలాయన మాత్రం వెళ్లిపోకుండా వాన తగ్గేదాకా మా చూరు కింద నిలబడ్డాడు. అత్త అతనికి చాయ్ ఇచ్చి పంపింది. తర్వాత నాయన దగ్గర కూర్చుంది.

"నూలు పైసలేవి తమ్మీ?"

"ఉన్నయక్కా. ఎటు పోతయ్? ఈ బేస్తారం కోటు సారు దగ్గర పెడితే పండుగకు రెండింతలైతయి. అప్పుడు రెండింతల నూలు తెద్దాం. జర ఓపిక పట్టమను వాళ్లను."

అత్త నాయన ముఖం వైపే చూస్తూ ఉంది. తర్వాత నెమ్మదిగా అంది.

"గట్లనా? మరి నా గాజులు గూడ పెడుదాం. నన్నొకసారి తోలుకపో. ఆయనతోని నేనే మాట్లాడత."

నాయనకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అక్క తన తెలివిని ఒప్పుకుందనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. మబ్బు బాగా కమ్ముకుని ఉంది. నాయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె గది తాళం తీసి, పెట్టెలోంచి ఒక పొట్లం తీసుకుని కొంగున ముడి వేసుకుందని అప్పటికి నాకు గానీ నాయనకు గానీ తెలియదు. వరండా దగ్గరికి రాగానే ఆమె ఆగింది.

"నువ్వు గీ కిటికీ కాడ నిలవడు తమ్మీ. నీ ముంగట బేరం చెయ్యాలంటే నాకు సిగ్గు. నేను పిలిచినంక రా."

నా చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేవు. గోడకు దేవుడి పటం కూడా లేదు. కోటు సారు లేచి, కూర్చోమని మర్యాదగా చెయ్యి చూపించాడు. అత్త నిలబడే కొంగు ముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది.

"అయ్యా, ఇది మీ దగ్గర కొన్నదే. ముద్ర గూడ విప్పలే. ఇంట్ల మనిషి దవాఖానల పడ్డడు. పలక మీద ఎంతున్నదో గంత ఇప్పియ్యున్రి."

ఆయన పొట్లం తిప్పి ముద్ర చూశాడు. మళ్లీ బల్ల మీదే పెట్టాడు. "తొందరపడకండమ్మా. పండుగ దాకా ఆగితే ఇంకా పెరుగుతుంది."

"పండుగ దాకా మనిషి ఆగాలె గద."

"చుట్టాల దగ్గర సర్దుకోండి. దీన్ని మాత్రం అమ్ముకోకండి. తర్వాత బాధపడతారు."

"పోనియ్యున్రి. పలక మీద ఉన్నదాంట్ల సగమియ్యున్రి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సగం గూడ వద్దు. మేం కొన్ననాడు మీకెంత ఇచ్చినమో గంతే ఇయ్యున్రి."

ఆయన ఒక వేలితో పొట్లాన్ని అత్త వైపు నెట్టాడు. "నేను అమ్మేవాణ్ణమ్మా. కొనను."

"మీరు అమ్మిన సరుకు మీరే కొనకపోతే ఇంకెవలు కొంటరు?"

"బొంబాయిలో కొంటారు."

"ఎవలు? పేరు చెప్పున్రి. మా తమ్ముడు రైలెక్కి పోతడు."

కిటికీ బయట నాయన ముఖం కనిపిస్తోంది. ఊచలు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. కోటు సారు తల తిప్పి ఆయనను చూశాడు. కోపం రాలేదు. చిన్నగా నవ్వి, వంగి నా ముఖంలోకి చూశాడు.

"పాప మీ ఇంటి పిల్లేనా? ఏ బడికి పోతుంది?"

నా చెయ్యి పట్టుకున్న అత్త వేళ్లు ఎంత బిగుసుకున్నాయంటే నాకు నొప్పి పుట్టింది. ఆయన ఆ నవ్వుతోనే కిటికీ వైపు తిరిగి, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా మాట్లాడాడు.

"విన్నారు కదా. మంచిదే. ఇప్పుడు మీరు బజార్లోకి వెళ్లి నలుగురికి చెబితే, రేపటికి మీ పెట్టెలో ఉన్నది ఉత్త వెండి. చెప్పకపోతే పలక మీద ఉన్నదే ధర. మీ పక్కింటి బియ్యం దుకాణమాయన నిన్న కూడా వచ్చాడు. నా దగ్గర సరుకు అయిపోయిందని చెప్పాను. మీ దగ్గర ఉంది కదా. ఇక మీ ఇష్టం."

దారిలో నాయన మాకు ముందుగా, చాలా వేగంగా నడిచాడు. ఇంటికి రాగానే లోపలి గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిచినా రాలేదు.

దీపాలు పెట్టే వేళకు పెద్దబాపు వచ్చాడు. చాలా రోజుల తర్వాత మా గడప తొక్కాడు. ఒక గుడ్డ సంచి చంకలో ఉంది. కూర్చోకుండానే సంచిని నాయన ముందు పెట్టాడు. దుకాణంలో ఉన్న బియ్యమంతా ఒక్క బస్తా మిగల్చకుండా ఎవరికో తెగనమ్మేసి వచ్చాడని తర్వాత తెలిసింది.

"తమ్మీ, కోటు సారు దగ్గర సరుకు లేదంటాండు. నీ దగ్గర ఉన్నయట గద. పలక మీది ధరనే ఇస్త. జర ఎక్కువనే తీస్కో, ఫికర్ లేదు."

నాయన లేచి లోపలికి వెళ్లాడు. తాళం తీసిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతుల్లో పెట్టె ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్త వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. వద్దని అనలేదు, తల కూడా ఊపలేదు. నాయన ఒకసారి ఆ సంచి వైపు, ఒకసారి పెద్దబాపు వైపు చూశాడు. పెద్దబాపు చెయ్యి అప్పటికే పెట్టె వైపు చాచి ఉంది. ఆ పెట్టె ఇచ్చేస్తే మా నూలు, మగ్గాలు, మా ఇల్లు అన్నీ నిలబడతాయి. ఎవరికీ ఏమీ తెలియదు. నాయన అట్లా ఎంతసేపు నిలబడ్డాడో గానీ, నాకు ఆ సాయంత్రం ఇప్పటికీ పూర్తి కానట్టే ఉంటుంది.

చివరికి ఆయన పెట్టెను వెనక్కి, గోడ వారగా దించాడు.

"అన్నా, కొనకు. ఆయన తిరిగి తీసుకోడు. ఇయ్యాల నా చెవులతోని విన్న. గా పలక మీది ధరకు కొనేటోడు ఎవడూ లేడు."

పెద్దబాపు నాయన వైపు కన్నార్పకుండా చూశాడు. మెల్లగా ఆయన ముఖంలో ఒక నవ్వు వచ్చింది. నేనెరిగిన నవ్వు కాదు.

"సమజైంది తమ్మీ. పండుగకు ఇంక పెరుగుతదని నీకు చెప్పిండు గద. అన్నీ నీ దగ్గరనే ఉంచుకుందామని చూస్తానవ్."

"అన్నా, నా మాట ఇనుండ్రి. నేనే పోయి అడిగిన," అంది అత్త.

"నీకెందుకు చెల్లె గీ ముచ్చట," అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కోటు సారు దగ్గర సరుకు దొరికింది. పెద్దబాపు తెచ్చిన సంచికి సరిపడా దొరికింది.

ఆ గురువారం తెల్లవారుజాము నుంచే ఎడతెగని వాన. వరండా ముందు గొడుగులూ గోనెసంచులూ కప్పుకుని మనుషులు నిలబడ్డారు. జల్లుకు తడిసి పలక మీద అంకె కరిగిపోయింది. దాన్ని తుడిచి కొత్తది రాయడానికి ఎవరూ బయటికి రాలేదు. మధ్యాహ్నానికి మేడ యజమాని వచ్చి తాళం పగలగొట్టించాడు. బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. ట్రంకు పెట్టె లేదు. కొందరు అక్కడే ఆ వానలోనే పొట్లాలు చింపి చూసుకున్నారు. లోపల ఉన్నవి నిజమైన రూపాయలే. వెండీ నిజమే, చార్మినారూ నిజమే. రఘునాథపల్లి వైపు పల్లెలు తిరిగి, మామూలు వెండి ధరకు రైతుల దగ్గర కొనుక్కొచ్చినవి అని నెమ్మదిగా బయటపడింది. ఆయన కల్పించింది ధర ఒక్కటే.

నాయన తన వాటిని కంసాలి దగ్గర తూకానికి అమ్మేశాడు. నష్టం బాగానే వచ్చింది. కానీ నూలుకు దాచిన పైసలు చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఆలస్యంగానైనా కొత్తవాడకు నూలు చేరింది.

కోటు సారు మాయమైన మర్నాడు పొద్దున నేను గడప మీద కూర్చుని ఉన్నాను. పెద్దబాపు ఉతికిన బట్టలు కట్టుకుని బయటికి వచ్చాడు. చేతిలో బరువైన సంచి. రిక్షాను పిలిచి సంచి ఎక్కించాడు. నన్ను చూసి ఆగాడు.

"కాజీపేట పోతాన బిడ్డా. ఆడికెల్లి బొంబాయి. ఆడ కొనేటోళ్లున్నరు. కోటు సారు చెప్పిండు."

అని పాతరోజుల్లోలాగా వీధి చివరికి వినపడేలా నవ్వాడు. ఆ నవ్వు విని నేను లోపలికి పరుగెత్తాను. నేను అత్తకు చెప్పడం, అత్త నాయనను దుకాణం నుంచి పిలిపించడం, నాయన సైకిల్ మీద కాజీపేట పోవడం, ఇదంతా అయ్యేసరికి బండి వెళ్లిపోయింది. ఏ బండి ఎక్కాడో, ఏ దిక్కు పోయాడో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. బల్లార్షా స్టేషన్‌లో చూశామని ఒకరన్నారు. బొంబాయిలో నాణేలు అమ్మే వీధుల్లో ఒక్కొక్క దుకాణమూ ఎక్కి దిగుతున్నాడని ఇంకొకరు చెప్పారు. నాయన ఒకసారి బొంబాయి దాకా వెళ్లి వెతికి వచ్చాడు. పెద్దబాపు మళ్లీ రాలేదు.

పెద్దమ్మ చాలా కాలం వీధి తలుపు వేసుకోలేదు. అత్త రోజూ వెళ్లి ఆమెకు తల దువ్వి, అన్నం తినిపించి వచ్చేది. తర్వాత తర్వాత తనతోపాటు కొత్తవాడకు తీసుకుపోయి, జంపఖానాల అంచులకు ముడులు వేసే పని నేర్పించింది. ఆ పనే ఆమెను బతికించింది.

చాలా రోజులకు, ఒక మధ్యాహ్నం, అత్త నా జడ అల్లుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది.

"తమ్మునికి నేను చెప్పలే. తోలుకపోయి చూపిచ్చిన. పక్కింటి అన్నకేమో నోటితోని చెప్పి ఊకున్నం. చెయ్యి పట్టుకొని గుంజుకపోయి గా కిటికీ కాడ నిలవెట్టేదుండె. గా మనిషి నువ్వు ఏ బడికి పోతవని అడిగిండు సూడు... గప్పటికెల్లి నాకు మల్లా గా గడప తొక్కాలంటే భయమైంది."

ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరినైనా ఏదైనా ఆపదలోకి పోతుండగా చూస్తే, వద్దని చెప్పి నా పని అయిపోయిందనుకోవడం నాకు చేతకాదు. నా పిల్లలు ఇందుకు నన్ను ఎన్నోసార్లు విసుక్కున్నారు.

మొన్న మా మనవడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. పాత నాణేలు లక్షలకు పోతున్నాయట. హనుమకొండలో ఒకాయన డబ్బాలో పెట్టి, చీటీ అంటించి అమ్ముతున్నాడట. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి దాచుకున్నదంతా అందులో పెడతానన్నాడు.

"ధర నెలనెలా పెరుగుతాంది నానమ్మా. రోజూ గీ ఫోన్లనే చూపిస్తాండు, చూడు," అన్నాడు.

నేను ఫోన్ చూడలేదు. వాడి ముఖం చూశాను. మా నాయన అన్నం మధ్యలో ముద్ద ఆపి లెక్క వేసుకున్నప్పుడు ఎట్లా ఉండేవాడో వాడూ అట్లాగే ఉన్నాడు. వద్దని నేను అనలేదు.

"ఇదివరకు కొన్నది ఏమన్న ఉన్నదా?"

"ఒకటున్నది."

"అది తీస్కో. అమ్ముతమని అడుగుదాం, ఎంతిస్తడో చూద్దాం."

వాడు నవ్వాడు. "ఇప్పుడా? వాన పడేటట్టున్నది. రేపు పోదాం తీ నానమ్మా."

మోకాళ్లు సహకరించకపోయినా గోడ పట్టుకుని లేచాను. చెప్పులు వేసుకుని వాడి చెయ్యి పట్టుకున్నాను. రేపు తప్పకుండా పోదామని వాడు ఇంకోసారి అన్నాడు. నేను చెయ్యి వదల్లేదు.